శంభల: మంచుకొండల వెనుక తొంభై ఆరు కోట్ల ఊళ్ళు

సీతానదికి ఉత్తరాన, చుట్టూ మంచుకొండల ప్రాకారం. లోపల ఎనిమిది రేకుల తామరపువ్వు ఆకారంలో ఒక దేశం. రేకుకూ రేకుకూ మధ్య కొండల వరుసలు, ఏరులు. ఒక్కో రేకులో 12 మండలాలు, ఒక్కో మండలంలో కోటి ఊళ్ళు. మొత్తం 96 కోట్లు. పువ్వు నడిబొడ్డున కలాపమనే రాజధాని, దానికి దక్షిణాన మలయవనం, ఆ వనంలో కాలచక్ర మండలం. ఇదీ శంభల. బౌద్ధుల కాలచక్ర తంత్రమూ, దానికి వ్యాఖ్యానమైన విమలప్రభా వర్ణించే రాజ్యం.

భూమి మీద దీన్ని చూసి వచ్చినవాళ్ళు లేరు. అయినా వెయ్యేళ్ళుగా ఈ దేశానికి భూగోళం ఉంది, రాజుల వరుస ఉంది, పంచాంగం ఉంది. అక్కడికి దారి చెప్పే గ్రంథాలు కూడా ఉన్నాయి. ఊహలో పుట్టిన రాజ్యాల్లో ఇంత దీర్ఘాయువు, ఇంత వివరమైన చరిత్ర ఉన్నది మరొకటి నాకు కనిపించలేదు. ఆసియా అంతా తిరిగి, ఐరోపా చేరి, నవలగా, సినిమాగా, హోటల్‌గా, చివరికి చైనాలో ఒక జిల్లాగా మారిన దేశం ఇది. ఈ ప్రయాణాన్ని మొదటి నుంచి తిరిగి చూస్తే ఒక సంగతి మనసును కలచివేస్తుంది. ఈ దేశం చేతులు మారేకొద్దీ అందులోని జనం మాయమవుతూ వచ్చారు. కోట్ల ఊళ్ళతో మొదలైన రాజ్యం చివరికి ఒక లోయ, ఒక మఠం, కొద్దిమంది అతిథుల దగ్గర ఆగింది.

మొదట్లో శంభల ఒక చిన్న ఊరు. కలియుగం చివర విష్ణుయశుడి ఇంట కల్కి పుట్టే గ్రామంగా దాని పేరు మహాభారతం వనపర్వంలో వస్తుంది, భాగవతం పన్నెండో స్కంధంలో మళ్ళీ వస్తుంది. అంతకు మించి దాని గురించి పురాణాలు పెద్దగా చెప్పవు. మనుషులకు అందని ఉత్తరదేశం అన్న భావన మాత్రం వేరుగా ఉండేది. రామాయణం కిష్కింధకాండలో సుగ్రీవుడు సీతను వెతకడానికి ఉత్తరదిక్కుకు వానరులను పంపుతూ ఉత్తరకురుదేశాన్ని వర్ణిస్తాడు. అక్కడ చెట్లే బట్టలిస్తాయి, నగలిస్తాయి. కష్టం లేదు, కొరత లేదు. ఆ రెండింటినీ, అంటే అవతారపురుషుడి ఊరినీ మంచుకు అవతల ఉన్న సుఖభూమినీ, కలిపి ఒక రాజ్యంగా కట్టినది కాలచక్ర గ్రంథకర్తలు. ఉత్తరకురువులో పాలన లేదు, చరిత్ర లేదు. శంభలలో రెండూ ఉన్నాయి. అందుకే అది దేశమైంది.

ఆ దేశచరిత్రలో మొదటి ఘట్టం మన కృష్ణ ఒడ్డునే జరుగుతుంది. బుద్ధుడు గృధ్రకూటం మీద ప్రజ్ఞాపారమితను బోధిస్తూ, అదే సమయంలో ధాన్యకటక చైత్యంలోనూ ప్రత్యక్షమై, శంభల నుంచి వచ్చిన సుచంద్ర మహారాజుకు కాలచక్రాన్ని ఉపదేశించాడని టిబెట్ సంప్రదాయం. ధాన్యకటకం అంటే నేటి ధరణికోట, అమరావతి. సుచంద్రుడు తిరిగి వెళ్ళి 12,000 శ్లోకాల మూలతంత్రం రాశాడనీ, మలయవనంలో మండలాన్ని నిర్మించాడనీ చెబుతారు. చరిత్రకారులు ఈ తంత్రాన్ని 11వ శతాబ్దం ఆరంభానికి చెందినదిగా లెక్కకడతారు, కాబట్టి బుద్ధుడి కాలంతో దీన్ని ముడిపెట్టలేం. అయినా ఒక కొత్త శాస్త్రానికి జన్మస్థలం కావలసి వచ్చినప్పుడు ఆ గ్రంథకర్తలు అమరావతిని ఎంచుకున్నారంటే, అక్కడి మహాచైత్యం పేరు ఎంత దూరం వెళ్ళిందో తెలుస్తుంది.

ఆ పేరు హిమాలయాలు దాటింది కూడా. 1416లో లాసా దగ్గర స్థాపించి, తరువాత టిబెట్‌లోనే అతిపెద్ద మఠాలలో ఒకటిగా ఎదిగిన డ్రేపుంగ్‌కు ధాన్యకటకం పేరే పెట్టారు. మనమేమో ఆ చైత్యాన్ని మరిచిపోయాం. 18వ శతాబ్దం చివర్లో సర్వేయర్ కాలిన్ మెకంజీ చూసేనాటికే దిబ్బ తవ్వకానికి గురైంది. తరువాత దాని శిల్పాలు లండన్‌కూ మద్రాసుకూ తరలిపోయాయి. 2006 జనవరిలో దలైలామా కాలచక్ర అభిషేకాన్ని అమరావతిలో జరిపినప్పుడు దేశదేశాల నుంచి వేలమంది భక్తులు గుంటూరు జిల్లాకు వచ్చారు. వాళ్ళ దృష్టిలో అది పర్యటన కాదు, శంభల రాజు నడిచిన నేలకు చేసిన యాత్ర.

సుచంద్రుడితో మొదలుపెట్టి ఏడుగురు ధర్మరాజులు, వారి తరువాత ఇరవై అయిదుగురు కల్కి రాజులు. ఒక్కో కల్కి నూరేళ్ళు పాలిస్తాడు. మొదటి కల్కి మంజుశ్రీయశుడు. శంభల చరిత్ర మొత్తంలో ఆగి చదవవలసిన ఘట్టం అతనిదే.

శంభలలో సూర్యరథుడనే ఋషి ఉండేవాడు. అతని వెనుక మూడున్నర కోట్లమంది బ్రాహ్మణ ఋషులు. యశుడు వారిని పిలిచి, మీరంతా ఇతరులతో కలిసి కాలచక్ర మండలంలో అభిషేకం పొంది ఒకే వజ్రకులంగా మారాలని కోరాడు. కలిసి కూర్చోని, కలిసి తినని, పిల్లనిచ్చి పుచ్చుకోని జనం ఎన్నాళ్ళు నిలుస్తారని అతని ఆందోళన. ఇలా విడివిడిగా ఉంటే మీ తరువాతి తరాలు మ్లేచ్ఛధర్మంలోకి వెళ్ళిపోతాయని హెచ్చరించాడు. ఋషులు ఒప్పుకోలేదు. స్వధర్మం వదులుకోవడం కన్నా దేశం వదలడమే మేలనుకుని భారతదేశం వైపు బయలుదేరారు.

రాజు వారిని సైన్యంతో ఆపలేదు. వెళ్ళనిచ్చాడు. అయితే అంతమంది వెళ్ళిపోతే మిగిలిన ప్రజలకు కూడా నమ్మకం సడలిపోతుందని గ్రహించి, ధ్యానంలో కూర్చున్నాడు. ఆ ధ్యానబలానికి దారిలో ఉన్న ఋషులు స్పృహ తప్పి, తిరిగి మలయవనం చేరారు. మేలుకున్నాక సూర్యరథుడు రాజు ముందు తలవంచి ఉపదేశం కోరాడు. అందరూ ఒకే కులమయ్యారు. అలా కులాలను కలిపినందుకే యశుడు కల్కి అయ్యాడని గ్రంథం చెబుతుంది. అతని కొడుకు పుండరీకుడు విమలప్రభ రాసినవాడిగా ప్రసిద్ధి.

పురాణాలలో కల్కి బ్రాహ్మణుడిగా పుట్టి వర్ణధర్మాన్ని తిరిగి నిలబెడతాడు. ఇక్కడ అదే బిరుదు వర్ణాల గీతలు చెరిపినవాడికి దక్కింది. 11వ శతాబ్దంలో సంస్కృతంలో ఈ మాట రాయడానికి ఎంత ధైర్యం కావాలో ఆలోచించండి. రాజు వాదనలో రక్షణ చింత ఉంది, రాజకీయం ఉంది, కరుణ ఒక్కటే లేదు. ధ్యానబలంతో మనుషుల్ని వెనక్కి రప్పించడం ఒప్పించడం అవుతుందా అన్న ప్రశ్న కూడా మిగులుతుంది. అయినా లోకానికి తలుపులు మూసుకున్న ఒక దేశం ముందు తన ఇంట్లోని గోడల మాట తేల్చుకోవాలని ఆ గ్రంథకర్తకు తట్టింది. ఊహాలోకపు రాజ్యాలు రాసినవాళ్ళలో ఈ పని చేసినవాళ్ళు అరుదు.

శంభల ఎందుకు లోకానికి దూరంగా ఉంది? ధర్మాన్ని దాచి ఉంచి, ఒకనాడు తిరిగి లోకానికి ఇవ్వడానికి. లోకమంతా బలవంతుల దౌర్జన్యంలో మునిగినప్పుడు ఇరవై అయిదో కల్కి రౌద్రచక్రి చతురంగబలాలతో మంచుకొండలు దాటి వస్తాడు. మ్లేచ్ఛసేన ఓడిపోతుంది, కొత్త కృతయుగం మొదలవుతుంది. సంప్రదాయ లెక్కల ప్రకారం ఆ యుద్ధం 2424 ప్రాంతంలో జరగాలి. తంత్రం మొదటి భాగమైన లోకధాతు పటలంలో రాళ్ళు విసిరే యుద్ధయంత్రాలు ఎలా తయారుచేయాలో కూడా రాసి ఉంది. మ్లేచ్ఛులన్న మాట వెనుక ఆనాడు వాయవ్య దిక్కు నుంచి వచ్చిపడుతున్న ముస్లిం సైన్యాల భయం ఉందని చరిత్రకారులు స్పష్టంగానే చెబుతారు. ఆ దాడుల కాలంలో రాసిన పుస్తకం అది. అదే పుస్తకం ఈ యుద్ధం మనిషి దేహంలో జరిగేదనీ, శత్రువు అజ్ఞానమనీ మరో అర్థం కూడా చెబుతుంది. నేటి టిబెటన్ గురువులు ఎక్కువగా చెప్పేది ఈ రెండోదే.

టిబెట్‌లో శంభల రోజువారీ జీవితంలోకి వెళ్ళింది. అక్కడి అరవై ఏళ్ళ చక్రానికి మొదటి సంవత్సరం 1027. కాలచక్రం టిబెట్ చేరిన ఏడాదిగా దాన్ని గుర్తుపెట్టుకున్నారు. మన ప్రభవ, విభవ నామ సంవత్సరాల వరుసే ఆ చక్రానికీ మూలం. శంభల రాజు చెప్పిన గణితంతోనే అక్కడి పండుగలు, గ్రహణాలు లెక్కకట్టారు. చూడని దేశపు పంచాంగంతో ఒక జాతి తొమ్మిది వందల ఏళ్ళకు పైగా విత్తనాలు వేసుకుంది, కొత్త సంవత్సరం జరుపుకుంది.

దారి చెప్పే గ్రంథాలు తరువాత వచ్చాయి. వాటిలో పేరుపొందినది 1775లో పాంచెన్ లామా లోబ్సాంగ్ పాల్దెన్ యేషే రాసినది. ఈస్టిండియా కంపెనీ దూత జార్జ్ బోగల్‌ను ఆదరించిన పాంచెన్ లామా ఈయనే. ఆ దారిలో నిజమైన ఊళ్ళూ నదులూ ఉంటాయి. పోనుపోను ఎడారులు, యక్షిణులు, దాటలేని ఏరులు ఎదురవుతాయి. ఒక్కో మజిలీలో ఏ మంత్రం జపించాలో, ఏ మూలిక వాడాలో రాసి ఉంటుంది. గమ్యం దగ్గరయ్యేకొద్దీ నడిచేవాడు మారాలి. మారని మనిషికి ఆ కొండల మధ్య దారి కనిపించదు. టిబెటన్లకు శంభల కొద్దిమంది యోగుల రహస్యంగా మాత్రమే ఉండిపోలేదు. ఈ జన్మలో చేరలేకపోయినా వచ్చే జన్మలో ఆ దేశపు పౌరుడిగా పుట్టాలని మామూలు పల్లెజనం మొక్కుకునేవారు. కాలచక్ర అభిషేకాలకు వేలాదిగా తరలి రావడానికి ఒక కారణం ఆ ఆశే.

ఐరోపావాళ్ళలో ఈ పేరు మొదట విన్నది పోర్చుగీసు జెసూట్లు. 1627లో ఎస్తెవావ్ కాసెల్లా, జ్వావ్ కాబ్రాల్ భూటాన్‌లో ఉన్నప్పుడు ఉత్తరాన ఒక మహారాజ్యం ఉందని విని, అదే తాము వెతుకుతున్న కాథే రాజ్యం అయి ఉంటుందని ఆశపడి షిగాట్సే దాకా వెళ్ళారు. దొరకలేదు. కాసెల్లా 1630లో అక్కడే మరణించాడు. రెండు వందల ఏళ్ళ తరువాత హంగేరియన్ పండితుడు చోమా ద కోరోష్ లడాఖ్, జంస్కార్ మఠాలలో చలికి వణుకుతూ టిబెటన్ నేర్చుకుని, 1833లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పత్రికలో కాలచక్రం గురించి రాశాడు. శంభల 45, 50 డిగ్రీల ఉత్తర అక్షాంశాల మధ్య ఉండాలని గ్రంథాల ఆధారంగా లెక్కవేశాడు. చోమా దాన్ని పుస్తకంలోని విషయంగానే చూశాడు. అతని నిజాయితీ తరువాతివాళ్ళలో చాలామందికి లేకపోయింది.

దివ్యజ్ఞాన సమాజంవారి చేతుల్లో శంభల లోకాన్ని చాటుగా నడిపించే మహాత్ముల నివాసమైంది. అక్కడి నుంచి ఊళ్ళ ప్రస్తావన పోయింది. ఇక రాజకీయాల వాడకం. దలైలామా ఆస్థానంలో ఉన్న బుర్యాత్ లామా అగ్వాన్ దోర్జియెవ్ రష్యాయే శంభల అన్న భావనను ప్రచారం చేశాడని జపాన్ యాత్రికుడు ఎకాయ్ కవాగుచి రాశాడు. దోర్జియెవ్ కృషితో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో బౌద్ధాలయం లేచింది, 1913లో అక్కడ తొలి పూజ జరిగింది. జార్ పోయాడు, విప్లవం వచ్చింది, 1938లో ఆ వృద్ధ లామా నిర్బంధంలో చనిపోయాడు.

చిత్రకారుడు నికొలాయ్ రోరిక్ కథ వేరు. 1925 నుంచి 1928 దాకా కుటుంబంతో మధ్య ఆసియా అంతా తిరిగి, ఎక్కడ ఏ లామా, ఏ బాటసారి శంభల మాట ఎత్తినా రాసుకున్నాడు. చివరికి కులూ లోయలోని నగ్గర్‌లో స్థిరపడ్డాడు. ఆయన బొమ్మల్లోని నీలి, ఊదా కొండలు చూసినవాళ్ళకు శంభల ఆ వెనుకే ఉందనిపిస్తుంది. ఆయన రాజకీయ ఆశల మీద ఎన్ని ప్రశ్నలున్నా ఆ కొండల మీద ఆయనకున్న ప్రేమను శంకించలేం. పెద్దకొడుకు యూరీ టిబెటన్ చరిత్రగ్రంథం నీలవార్షికాలను ఇంగ్లీషులోకి తెచ్చిన గొప్ప పండితుడు. చిన్నకొడుకు స్వెతోస్లావ్‌ను పెళ్ళాడిన సినీనటి దేవికారాణి మన వాల్తేరులో పుట్టింది.

రోరిక్ నగ్గర్‌లో బొమ్మలు వేస్తున్న కాలంలోనే, టిబెట్ చూడని ఒక ఇంగ్లీషు రచయిత బ్రిటిష్ మ్యూజియం గ్రంథాలయంలో యాత్రాగ్రంథాలు చదివి ఒక నవల రాశాడు. జేమ్స్ హిల్టన్, లాస్ట్ హొరైజన్, 1933. బాస్కుల్ నుంచి బయలుదేరిన విమానాన్ని దారి మళ్ళిస్తారు. బ్రిటిష్ కాన్సల్ కాన్వే సహా నలుగురు కున్‌లున్ పర్వతాలలో దిగుతారు. కరకల్ శిఖరం కింద నీలిచంద్రుని లోయ, దాని పైన షాంగ్రీలా మఠం. అక్కడ ముసలితనం నెమ్మదిగా వస్తుంది. ఏ విషయంలోనూ అతి పనికిరాదన్నదే వాళ్ళ ధర్మం. మొదటి ప్రపంచయుద్ధం గాయాలు మానకముందే రెండోది ముంచుకొస్తున్న రోజుల్లో ఆ పుస్తకం లక్షలమందికి ఊరటనిచ్చింది. కాన్వే అలసట నిజమైనది, కందకాలలో యవ్వనం పోగొట్టుకున్న తరం అలసట అది. ఆ పేజీలు ఇవాళ చదివినా మనసును తాకుతాయి.

ఇంత మంచి పుస్తకంలోనే పెద్ద లోటూ ఉంది. మఠాధిపతి లక్సెంబర్గ్ నుంచి వచ్చిన పెరో అనే క్రైస్తవ సన్యాసి, 1734లో లోయ చేరినవాడు. గ్రంథాలయంలో ఐరోపా పుస్తకాలు, సంగీతంలో షోపాన్ శిష్యుడు, స్నానానికి అమెరికాలోని ఆక్రన్ నుంచి తెప్పించిన తొట్టెలు. వీటన్నిటికీ డబ్బు ఎక్కడిది? లోయలో దొరికే బంగారం. లోయలో పండించేది, మోసేది టిబెటన్లు, చైనీయులు. దీర్ఘాయువు ఎవరికి బాగా పడుతుందన్న మాట వచ్చినప్పుడు ఐరోపా జాతులకేనని అక్కడ సమాధానం దొరుకుతుంది. టిబెటన్లలో నూరేళ్ళు దాటేవాళ్ళు అరుదని కూడా చెబుతారు. వాళ్ళ నేల మీద, వాళ్ళ మఠంలో, వాళ్ళ పేరుతో.

శంభలలో దాచినది ధర్మం, ఎప్పటికైనా లోకానికి తిరిగి ఇవ్వడానికి. షాంగ్రీలాలో కూడా యుద్ధం ముగిశాక లోకానికి అందించాలనే పెరో ఆశ, కాకపోతే అక్కడ భద్రం చేసినవి ఎక్కువగా ఐరోపా వస్తువులు. సూర్యరథుడు రాజు మాట కాదని దేశం వదిలి వెళ్ళగలిగాడు. హిల్టన్ లోయలోని రైతుకు కాదనడానికి నోరే లేదు. అందమైన మనసుతో, మంచి ఉద్దేశంతో రాసిన పుస్తకంలోనే ఇలా జరిగిందన్నది నాకు ఎక్కువ బాధ.

ఫ్రాంక్ కాప్రా 1937లో దాన్ని సినిమా తీశాక ఆ పేరు ఊరూరికీ పాకింది. 1942 ఏప్రిల్‌లో అమెరికా విమానాలు టోక్యో మీద బాంబులు వేసినప్పుడు అవి ఎక్కడి నుంచి ఎగిరాయని అడిగితే, అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ షాంగ్రీలా నుంచి అన్నాడు. తన కొండవిడిదికీ ఆ పేరే పెట్టుకున్నాడు. దాన్నే 1953లో ఐసెన్‌హోవర్ క్యాంప్ డేవిడ్‌గా మార్చాడు. ఒక విమానవాహక నౌకకు ఆ పేరు వచ్చింది. 1971లో సింగపూర్‌లో ఆ పేరుతో హోటల్ తెరిచారు.

ఇక చివరి మజిలీ యున్నాన్. చైనాలోని ఆ రాష్ట్రపు వాయవ్యాన గ్యాల్‌థాంగ్ అనే టిబెటన్ ప్రాంతం ఉంది, చైనీయులు ఝోంగ్‌దియన్ అనేవారు. బార్లీ చేలు, జడలబర్రెల మందలు, 1679లో అయిదో దలైలామా కాలంలో వెలసిన సుంత్సేలింగ్ మఠం. ఆ ప్రాంతానికి ప్రధాన ఆదాయం అడవి కలప. 1998లో యాంగ్ట్సీ వరదల తరువాత ప్రభుత్వం చెట్లు కొట్టడం నిషేధించడంతో ఆ ఆదాయం ఆగిపోయింది. హిల్టన్ లోయ మాదంటే మాదని చుట్టుపక్కల జిల్లాలు పోటీపడుతున్న రోజులవి. 2001 చివర్లో ప్రభుత్వం ఝోంగ్‌దియన్‌కు అధికారికంగా షాంగ్రీలా అని పేరు పెట్టింది. పర్యాటకులు వచ్చారు. 2014 జనవరిలో అక్కడి పాత పట్టణం దుకెజోంగ్‌లో పెద్ద అగ్నిప్రమాదం జరిగి వందల ఇళ్ళు కాలిపోయాయి, మళ్ళీ కట్టారు. 2023 నవంబరులో లిజియాంగ్ నుంచి రైలు కూడా వచ్చింది.

పేరు మార్పు వల్ల అక్కడి టిబెటన్లకు పని దొరికింది, కొందరు హోటళ్ళు పెట్టుకున్నారు, మఠానికి మరమ్మతులు జరిగాయి. వాటిని కాదనను. అయితే తమ ఊరిని లోకానికి పరిచయం చేయడానికి గ్యాల్‌థాంగ్ వాసులు లండన్‌లో పుట్టిన ఒక పేరును మోయవలసి వస్తోంది. వాళ్ళ పూర్వీకులకు మాత్రం అంతకు తొమ్మిది వందల ఏళ్ళ ముందే తమదైన శంభల ఉంది. అందులో వాళ్ళు అతిథులకు సేవచేసేవాళ్ళు కారు, పౌరులు.

విమలప్రభ సంస్కృత పాఠాన్ని సారనాథ్‌లోని టిబెటన్ విద్యాసంస్థ 1986 నుంచి 1994 వరకు మూడు సంపుటాలుగా ప్రచురించింది. ధాన్యకటకం మన ఊరు కాబట్టి ఆ గ్రంథం తెలుగులోకి రావడం న్యాయం. మొత్తం అనువదించడం పెద్ద పని, తంత్రం, జ్యోతిషం, వైద్యం మూడూ తెలిసినవాళ్ళు కలిసి కూర్చోవాలి. అంతవరకు ఆగలేకపోతే మంజుశ్రీయశుడూ సూర్యరథుడూ తలపడిన ఆ ఒక్క ఘట్టమైనా ముందు రావాలి. కులాల గురించి అప్పటి రాజు ఏమన్నాడో, ఋషులు ఏమని తిరగబడ్డారో మన పిల్లలు తెలుగులో చదువుకుని, ఎవరి పక్షాన నిలబడాలో వాళ్ళే వాదించుకోవాలి.